గుక్క తిప్పుకోకుండా ఇరవై రెండు సెకన్లు

మా స్టూడియోలో కాగితాల మీద గీతలు పెట్టడం నా పని. డబ్బింగు చెప్పేవాళ్లు డైలాగులో ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ పెన్సిలుతో ఒక నిలువు గీత పెడతాను. తర్వాత ఇంజనీరు ప్రేమ్ చంద్ ఆ గీతలు చూసుకుంటూ, రికార్డయిన గొంతులోంచి ఊపిరి చప్పుళ్లు ఏరి పారేస్తాడు. తెర మీద నటి పళ్లు బిగించి నిలబడి ఉంటే వెనక నుంచి ఎవరో బుస్సుమని గాలి పీల్చినట్టు వినిపించిందనుకోండి, హాల్లో జనం నవ్వుతారు.

నాలుగేళ్ల కిందట మా ఊరి నుంచి వచ్చి మధురానగర్‌లో హాస్టల్లో చేరాను. ఈ ఉద్యోగం దొరికినప్పుడు నా గదిలో అమ్మాయి నవ్వింది. "నీకు సరిగ్గా సరిపోయిందే భావనా! నోరు తెరవక్కర్లేదు, వింటే చాలు" అంది. నిజమే. అద్దానికి ఇవతల ప్రేమ్ చంద్ పక్కన కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రోజంతా ఇతరుల ఊపిరి వింటాను.

అందరిలోకీ నేను ఎక్కువగా విన్నది సరోజమ్మగారి ఊపిరి.

ఆవిడది పాలకొల్లు దగ్గర పల్లె. చిన్నప్పుడు చర్చిలో పాటలు పాడేవారట. ఇప్పుడు యాభై ఏడేళ్లు. గీతిక అనే బొంబాయి నటికి ఇరవై ఏళ్లుగా తెలుగు గొంతు ఆవిడదే. గీతిక హీరోయిన్‌గా ఉన్నప్పుడూ ఆవిడే, తల్లి వేషాలకు వచ్చాకా ఆవిడే. ఒకసారి ఏదో సభలో గీతిక సొంతంగా నాలుగు తెలుగు మాటలు మాట్లాడితే, పాపం ఈవిడకి జలుబు చేసినట్టుంది అనుకున్నారట జనం.

ఆ గొంతును సరోజమ్మగారు పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకునేవారు. ఎండాకాలంలోనూ మెడకు గుడ్డ. చేతిలో గోరువెచ్చని నీళ్ల ఫ్లాస్కు. మధ్యాహ్నం దాటితే పెరుగు ముట్టరు. భర్త జోజిగారు కారును స్టూడియో గుమ్మానికి ఆనించినంత దగ్గరగా ఆపుతారు. ఆవిడ రెండడుగులు వేసి లిఫ్ట్ ఎక్కుతారు. మాది మొదటి అంతస్తే, అయినా లిఫ్టే. మెట్లెక్కితే చెమట పడుతుంది, చెమట పడితే ఏసీలో జలుబు చేస్తుంది, జలుబు చేస్తే గొంతు పోతుంది. గొంతు మీద బతికేవాళ్లలో చాలామందికి ఈ లెక్క కంఠతా వచ్చు. సరోజమ్మగారు ముప్పయ్యేళ్లు దాన్ని తప్పకుండా పాటించారు.

ఇంకో అలవాటు కూడా ఉంది ఆవిడకి. మైకు సరి చూసుకోవడానికి అందరూ ఒకటి, రెండు, మూడు అంటారు. ఆవిడ మాత్రం తన మొదటి సినిమాలో చెప్పిన ఐదు వరుసల డైలాగు చెప్తారు. ఎప్పుడూ అదే. దాన్ని ఎవరూ రికార్డు చేయరు. కానీ చెవిలో పడ్డ ఊపిరికి గీత పెట్టకుండా ఉండడం నాకు చేతకాదు. ఒక పుస్తకంలో తేదీ వేసి ఆ ఐదు వరుసలకూ గీతలు పెట్టుకునేదాన్ని. నేను చేరిన కొత్తలో ఒక్క గీత ఉండేది. పోయిన నవంబరు నాటికి ఐదయ్యాయి. వరుసకొకటి.

ఆ సంగతి ఆవిడకి నేను చెప్పలేదు. చెప్పే మనిషిని కాను.

*

నవంబరులోనే గీతిక కొత్త సినిమా టీజరు పని వచ్చింది. తొమ్మిది సెకన్ల డైలాగు, అంతే. సరోజమ్మగారు చెప్పారు. మధ్యలో ఒకచోట గాలి చాలక ఆగారు. మళ్లీ చెప్పారు, మళ్లీ అక్కడే ఆగారు. ఆరోసారికి ప్రేమ్ చంద్, "పర్లేదు ఆంటీ, రెండు ముక్కలు అతికిస్తా" అన్నాడు.

అతికించాడు. డైరెక్టరు వరప్రసాద్‌గారు కళ్లు మూసుకుని విన్నారు. రెండోసారి కూడా విన్నారు.

"అతుకు వినిపిస్తోంది" అన్నారు.

"ఎక్కడ సార్? అంతా నున్నగా ఉంది కదా" అన్నాడు ప్రేమ్ చంద్.

"నున్నగానే ఉందయ్యా. కానీ అతుకు ముందు పులి, అతుకు తర్వాత అలిసిపోయిన పులి."

సరోజమ్మగారు లోపలి నుంచి బయటకు వచ్చారు. వరప్రసాద్‌గారు లేచి నిలబడి కుర్చీ జరిపారు. ఆయన కోనసీమ మనిషి, ఎంత కోపంలోనూ అండీ విడవరు.

"అమ్మా, మీ దగ్గర దాచడం ఎందుకు? క్లైమాక్సులో ఇరవై రెండు సెకన్ల షాట్ ఉందండీ. గీతికగారి ముఖం తెరంతా. కట్ లేదు, రెప్ప వేయలేదు, మధ్యలో గాలి పీల్చలేదు. ఆవిడ బొంబాయిలో రోజూ ఈత కొడతారట లెండి. ఆ డైలాగు ఒక్క గుక్కలో పడాలి. అతికిస్తే సినిమా పోతుంది."

"నేను చెప్తాను బాబూ" అన్నారు సరోజమ్మగారు. ఆ మూడు మాటలకే గొంతు చివర గాలి అయిపోయింది.

ఆయన విన్నారు. నేనూ విన్నాను.

"డబ్బింగు ఫిబ్రవరి ఆఖర్న. నాకు మీరే కావాలండీ. కానీ ఆ రోజు ఇంకో అమ్మాయిని కూడా రమ్మంటాను. తప్పుగా అనుకోకండి."

ఆ అమ్మాయి ఎవరో అందరికీ తెలుసు. శ్రీనిధి. ఇరవై ఎనిమిదేళ్లు, గంటలా మోగే గొంతు.

వాళ్లంతా వెళ్లాక సరోజమ్మగారు వరండాలో బెంచీ మీద కూర్చుండిపోయారు. లిఫ్ట్ దాకా కూడా వెళ్లలేదు. నేల తుడుస్తున్న దేవమ్మ గుడ్డ పక్కన పడేసి వచ్చింది. దేవమ్మది షేక్‌పేట. సరోజమ్మగారి కంటే నాలుగేళ్లు పెద్దది. రోజూ పొద్దున మిట్టెక్కి ఫిల్మ్ నగర్‌లో మా స్టూడియోకి నడిచి వస్తుంది, సాయంత్రం నడిచి దిగుతుంది.

"ఏందమ్మా, గిట్ల దమ్ము మీద దమ్ము తీస్తున్నవ్? లోపల ఏమన్న కుస్తీ పట్టినవా?"

"తొమ్మిది సెకన్లు మాట్లాడాను దేవమ్మా."

"మాట్లాడితెనే గింతనా? సినిమాల చూస్తే పులి లెక్క ఒర్రుతవ్. ఇంటికాడ ఎంత దూరం నడుస్తవ్?"

"నడవడమేంటి? కారుందిగా."

దేవమ్మ నా వైపు చూసింది. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా ఆగలేదు.

*

జూబ్లీహిల్స్‌లో ఒక ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరకు సరోజమ్మగారు నన్ను తోడు తీసుకెళ్లారు. "మా ఆయన వస్తే నాకంటే ముందు ఆయన పడిపోతాడు. నువ్వైతే గుట్టుగా ఉంటావు" అన్నారు. ఆవిడ మనసులో ఏ పెద్ద జబ్బు పేరు తిరుగుతోందో నాకు తెలుసు. ఆటోలో వెళ్తున్నంతసేపూ నా చెయ్యి వదల్లేదు.

డాక్టరమ్మ ఒక గొట్టంలోకి బలంగా ఊదించింది. ఛాతీ ఫోటో తీయించింది, గుండె చూపించింది. ఆఖర్న ఆరు నిమిషాలు వరండాలో అటూ ఇటూ నడవమంది. నాలుగో నిమిషంలో సరోజమ్మగారు గోడ పట్టుకున్నారు.

"మీకు జబ్బేమీ లేదండీ. ఊపిరితిత్తులు మీ వయసుకు తగ్గట్టే ఉన్నాయి" అంది డాక్టరమ్మ కాగితాలు చూసి. "మీరు వాటికి పని చెప్పడం మానేశారు."

"మరి ఈ ఆయాసం?"

"కాళ్లలో కండ లేదు. పొట్టకు పైన ఉండి గాలిని లాగే కండరానికి బలం లేదు. అలాంటి ఒళ్లు చిన్న పనికి కూడా గాలి, గాలి అని అరుస్తుంది. రోజూ నడిస్తే ఊపిరితిత్తులు పెద్దవైపోవు, ఆ మాట ఎవరైనా చెప్తే నమ్మకండి. కానీ అదే గాలితో ఒళ్లు ఎక్కువ పని చేయడం నేర్చుకుంటుంది. మిగిలిన గాలి మీ డైలాగుకి."

సరోజమ్మగారు మెడ గుడ్డ సర్దుకున్నారు. "బయట దుమ్ములో నడిస్తే గొంతు పోతుందేమోనండీ. ముప్పయ్యేళ్లుగా దీన్ని కాపాడుకుంటూ వస్తున్నాను."

"గొంతుని కాపాడారు. దాన్ని మోగించే గాలిని ఎవరు కాపాడాలి?"

 డాక్టరమ్మ చీటీ మీద మందులేవీ రాయలేదు. వారానికి ఐదు రోజులు, మొదట పది నిమిషాలు, మెల్లగా అరగంట దాటాలి. పెద్ద రోడ్డు మీద కాదు, లోపలి వీధుల్లో. ఛాతీ నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా ఆగిపోయి రావాలి. ఎంత వేగంగా నడవాలి అని అడిగితే డాక్టరమ్మ నవ్వింది.

"నడుస్తూ మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. అదే మీ వేగం. పాడగలిగారంటే ఇంకొంచెం జోరు పెంచాలన్నమాట."

*

మొదటి రోజు పొద్దున ఆరున్నరకి షేక్‌పేట వైపు నుంచి ఫిల్మ్ నగర్‌కు ఎక్కే లోపలి వీధి మొదట్లో ముగ్గురం కలిశాం. దేవమ్మ రోజూ పనికి వచ్చే దారి అదే, ఆమె చేతిలో టిఫిను డబ్బా. సరోజమ్మగారి కాళ్లకు తెల్లటి కొత్త బూట్లు, చీర కింద నుంచి కనపడుతూ. ఆవిడ మాటిమాటికీ కుచ్చిళ్లు కిందికి లాక్కుంటున్నారు.

"ఎవరూ చూడటం లేదమ్మా" అన్నాను.

"అందరూ చూస్తున్నారే!"

పది అడుగులు వేశామో లేదో వెనక కారు చప్పుడు. జోజిగారు. నత్తలా మా వెనకే వస్తున్నారు. అద్దం దించి, "నువ్వు పడితే ఎక్కించుకోవడానికి సరోజా. నువ్వు నడువు, నువ్వు నడువు" అన్నారు.

దేవమ్మ వెనక్కి తిరిగింది. "అయ్యా, జర ఇంటికి పోరాదు. అమ్మ గాలి కోసం వస్తే నీ బండి పొగ మేం ముగ్గురం మింగవడితిమి."

ఆయన పాపం కారు పక్కకు పెట్టి, తాళం చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయారు.

వీధి మలుపులో ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. అక్కడి దాకా వెళ్లడానికి సరోజమ్మగారు మూడుసార్లు ఆగారు. ఆగినప్పుడల్లా ఏదో ఒక గేటు చూసి, "ఈ ఇల్లు బాగుంది కదూ" అన్నారు. దేవమ్మ ఊరుకోలేదు.

"అన్ని ఇండ్లు మంచిగనే ఉంటయమ్మా. కొనేటట్టు చూడకు, నడువు."

రెండో వారానికి ఒక్కసారి ఆగితే సరిపోయింది. మూడో వారం ట్రాన్స్‌ఫార్మర్ దాటాం. ఆ పైన ఒక వేపచెట్టు కింద టీ బండి ఉంటుంది, అక్కడికి చేరాం. డిసెంబరులో ఒకరోజు నడుస్తూ నడుస్తూ సరోజమ్మగారు చిన్నప్పటి చర్చి పాట ఒకటి సన్నగా అందుకున్నారు. రెండు చరణాలు పాడాక ఆవిడే ఆగి, నన్ను చూశారు.

"పాడగలిగానే!"

"అయితే జోరు పెంచాలమ్మా. డాక్టరమ్మ చెప్పింది" అన్నాను.

"నోరు మూసుకుని ఉన్నంతసేపూ బాగుంటావు, తెరిస్తే ఇదా చెప్పేది" అంటూనే ఆవిడ జోరు పెంచారు. కొంగు నడుముకు చుట్టుకున్నారు. కుచ్చిళ్లు లాక్కోవడం అప్పటికే మర్చిపోయారు.

*

జనవరి రెండో వారంలో ఆవిడ గొంతు బొంగురుపోయింది.

ముందు రోజు పొద్దున పొగమంచు దట్టంగా ఉంది. వీధి చివర ఎవరో చెత్త తగలబెట్టారు. ఆ పొగలోంచే నడిచాం. మర్నాడు స్టూడియోకి వచ్చి మైకు ముందు నిలబడి మొదటి సినిమా డైలాగు అందుకుంటే, గొంతు కాదు, రంపం. ఆవిడ అద్దంలోంచి మమ్మల్ని చూశారు. ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తే. పని ఆపేసి బయటకు వచ్చి, మెడకు గుడ్డ రెండు చుట్లు చుట్టుకున్నారు.

"నాకు తెలుసు ఇలా అవుతుందని. ఫిబ్రవరి దాకా ఈ గొంతుతో ఏం చేసుకోను? ఊపిరి కోసం పోయి ఉన్నదీ పోగొట్టుకున్నాను" అన్నారు.

నాలుగు రోజులు నడకకు రాలేదు. జోజిగారు మళ్లీ గుమ్మానికి ఆనించి కారు ఆపడం మొదలుపెట్టారు. తెల్ల బూట్లు ఇంట్లో మంచం కిందికి వెళ్లిపోయాయట.

ఆ వారం స్టూడియోలో సగం మంది దగ్గుతూనే ఉన్నారు. ప్రేమ్ చంద్‌కి జ్వరం కూడా వచ్చింది. అతను నడిచేది కుర్చీ నుంచి కాఫీ మెషీను దాకా మాత్రమే. ఆ మాట నేను ఆవిడకి చెప్పాలనుకున్నాను. కానీ భయపడ్డ మనిషికి వాదన ఎక్కదు.

నాలుగో రోజు సాయంత్రం హాస్టల్లో నా పుస్తకం తీశాను. మైకు డైలాగు తేదీలన్నీ వరుసగా చూశాను. తర్వాత ఆ బొంగురు రోజు పేజీ చూశాను. గొంతు అలా ఉన్నా ఆవిడ ఐదు వరుసలూ చెప్పారు, నేను అలవాటుగా గీతలు పెట్టాను. అప్పుడు లెక్కపెట్టుకోలేదు. ఇప్పుడు లెక్కపెట్టాను. రెండుసార్లు లెక్కపెట్టాను.

మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. సరోజమ్మగారు పసుపు పాలు తాగుతున్నారు. పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాను.

"ఏవిటిది?"

"మీ ఊపిరమ్మా. నవంబరు మూడో తేదీన ఐదు గీతలు."

ఆవిడ కళ్లజోడు పెట్టుకున్నారు. ఐదు వరుసల్ని వేలితో తడుముతూ చదివారు. ముఖం కొంచెం వాడిపోయింది. "ఇన్ని ఉండేవా? చెప్పలేదేం?" అన్నారు.

"డిసెంబరు మొదటి వారం నాలుగు. క్రిస్మస్ ముందు మూడు. ఇది గొంతు పోయిన రోజుది."

ఆ పేజీ మీద రెండే గీతలున్నాయి.

"గొంతు పోయిన రోజునా?"

"అవునమ్మా. గొంతుకి జలుబు చేసింది, ప్రేమ్ చంద్‌కి చేసినట్టే. ఊపిరి దానిపాటికి అది పెరుగుతూనే ఉంది."

నా జీవితంలో ఒక్కసారిగా అన్ని మాటలు ఎవరితోనూ అనలేదనుకుంటాను. జోజిగారు వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నారు. సరోజమ్మగారు ఆ రెండు గీతల్నీ వేలితో ఇంకోసారి లెక్కపెట్టారు. తర్వాత పాల గ్లాసు పక్కన పెట్టి, భర్త వైపు తిరిగారు.

"ఆ మంచం కింద బూట్లు ఇలా తెండి."

డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, దగ్గు తగ్గేదాకా రెండు మూడు రోజులు ఆగమంది. పొగమంచులో వద్దు, ఎండ పడ్డాక నడవండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి అంది. వారం తిరిగేసరికి గొంతు దానంతటదే తేరుకుంది. మెడకు చుట్టుకునే గుడ్డ ముక్కు మీదికి మారింది. నడక ఏడున్నరకు మారింది. దేవమ్మ స్టూడియో మేనేజరుతో మాట్లాడి తన పని గంట వెనక్కి జరిపించుకుంది. "అమ్మ దమ్ము సంగతి నేను చూస్త, నీ గచ్చు సంగతి గంట ఆలస్యంగ చూస్త" అని చెప్పిందట ఆయనతో.

ఫిబ్రవరి మధ్యలో ఒకరోజు మిట్ట పైదాకా ఎక్కేశాం. టీ బండి దాటినట్టు కూడా నేను గమనించలేదు. పైన నిలబడి చూస్తే కింద షేక్‌పేట ఇళ్లు, అటు ఫ్లైఓవరు మీద కార్లు. సరోజమ్మగారు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"దేవమ్మా, నువ్వు రోజూ ఇంత ఎక్కి వచ్చి మా గచ్చు తుడుస్తావా?"

"ఇరవై రెండేండ్ల సంది."

"నేను ఆ గచ్చు మీద రెండడుగులు వేసి లిఫ్ట్ ఎక్కేదాన్ని."

"ఇప్పుడు ఎక్కినవ్ గదా. ఫికర్ ఎందుకు? పా, ఎండ అయితుంది."

ఆ రోజు నుంచి సరోజమ్మగారు స్టూడియోలో లిఫ్ట్ ముట్టలేదు.

*

డబ్బింగు రోజు వచ్చింది. వరప్రసాద్‌గారు నా వెనక సోఫాలో కూర్చున్నారు. ఆయన పక్కన శ్రీనిధి, ఒళ్లో చేతులు పెట్టుకుని. మంచి పిల్ల, ఇబ్బందిగా ఉంది ఆమెకి. గదిలోకి వస్తూనే సరోజమ్మగారి కాళ్లకు దండం పెట్టింది. ప్రేమ్ చంద్ మాటిమాటికీ మైకు మీటలు తిప్పుతున్నాడు. తిప్పాల్సిన అవసరం ఏమీ లేదు.

సరోజమ్మగారు లోపలికి వెళ్లి, మైకు ముందున్న కుర్చీని పక్కకు లాగేశారు.

"ఆంటీ, కూర్చోరా?" అన్నాడు ప్రేమ్ చంద్ మైకులో.

"నిలబడతాను."

మొదటి సినిమా డైలాగు చెప్పారు. పెన్సిలు పట్టుకుని విన్నాను. ఐదు వరుసలు అయిపోయాయి. పెన్సిలు కాగితానికి తగల్లేదు. ప్రేమ్ చంద్ పక్క నుంచి తొంగి చూసి, నా ముఖం చూశాడు. 

తెర మీద గీతిక ముఖం వచ్చింది. సినిమాలో ఆమె పల్లెటూరి తల్లి. చనిపోయిన తన కొడుకు చదివిన బడిని పడగొట్టడానికి వచ్చిన మనుషుల ముందు నిలబడింది. రికార్డింగు మొదలైనట్టు ఎర్ర దీపం వెలిగింది.

"ఈ గోడకు మట్టి మోసింది నేను, ఈ కిటికీకి చువ్వలు పెట్టించింది నా తోడికోడలు, ఈ గంట కొట్టి కొట్టి చేతులు కాయలు కాచింది మా మామ..."

నేను ఎదురు చూసిన మొదటి చోటు అది. మామూలుగా అక్కడ గీత పడాలి. పడలేదు.

"...ఈ నల్లబల్ల మీద అక్షరం దిద్దని చెయ్యి మా ఊళ్లో లేదు, ఈ గడప తొక్కాలంటే చెప్పులు విప్పి తొక్కు, విప్పనంటావా, ఆ కాళ్లు ఇక్కడే వదిలిపెట్టి పో..."

గంట గురించి చెప్పినప్పుడు గొంతు ఎంత ఉందో ఇక్కడా అంతే ఉంది. తగ్గలేదు, సన్నబడలేదు. తెర కింద సెకన్లు పరిగెడుతున్నాయి. పదహారు. పదిహేడు. వెనక సోఫాలో ఎవరో కదిలారు. అద్దం అవతల ఆవిడ రెండు పాదాలూ నేలకు గట్టిగా ఆనించి ఉన్నారు. మిట్ట మీద ఆఖరి మలుపులో అలాగే ఆనిస్తారు.

"...ఈ పలక నాది, ఈ బలపం నాది, ఈ బడి నా కొడుకు బుజ్జిది!"

ఇరవై రెండు.

ఆ తర్వాత గదిలో ఉన్నవాళ్లమంతా ఒక్కసారి గాలి పీల్చుకున్నాం. హెడ్‌ఫోన్లు ఉన్నా నాకది వినపడింది, మా అందరిదీ. ఆవిడది మాత్రం తీరిగ్గా, ఆఖర్న.

ప్రేమ్ చంద్ కాగితం నా చేతిలోంచి లాక్కున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. "ఒక్క గీత కూడా లేదు సార్. నాకు చేయడానికి పనేం లేదు ఇక్కడ" అన్నాడు. 

వరప్రసాద్‌గారు లేచి అద్దం దగ్గరకు వెళ్లారు. రెండు చేతులూ జోడించారు.

సరోజమ్మగారు మైకులో అన్నారు: "బాబూ, ఇంకొకటి చెప్తాను."

"ఎందుకమ్మా? ఇంతకంటే ఏం కావాలి?"

"ఇది నాకు గాలి ఉందని చెప్పడానికి చెప్పాను. ఇప్పుడు ఆ తల్లి కోసం చెప్తాను. కొడుకు పేరు ముందు ఆవిడకి ఒక్క క్షణం ఊపిరి ఆడకూడదు. గీతిక ముఖం చూడండి, అక్కడ పెదవి కొంచెం విచ్చుకుంది. మనమంతా సెకన్లు చూస్తూ అది చూడలేదు."

ప్రేమ్ చంద్ షాట్‌ని వెనక్కి తిప్పి ఆ చోట ఆపాడు. నిజమే. నూలుపోగంత. గాలి పీల్చిన పెదవి కాదు అది, పేరు పలకలేక విచ్చుకున్న పెదవి. ఇన్నాళ్లూ ఆ షాట్ తీసిన మనిషే గమనించలేదు. వరప్రసాద్‌గారు నుదురు కొట్టుకున్నారు.

రెండోసారి చెప్పారు. అదే బలం, అదే పరుగు. "ఈ బడి నా కొడుకు" దాకా వచ్చి ఆగారు. ఒక చిన్న ఊపిరి, లోపలికి, విరిగినట్టు. తర్వాత "బుజ్జిది" అన్నారు. శ్రీనిధి కళ్లు తుడుచుకుంది. నేను చేతి వెనకతో తుడుచుకున్నాను, పెన్సిలు ఉంది కదా.

"ఆంటీ, ఆ ఊపిరి తీసేయాలా?" అని అలవాటుగా అడిగాడు ప్రేమ్ చంద్.

"దాన్ని ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతాను. మూడు నెలలు మిట్టెక్కి సంపాదించాను!"

కాగితం మీద 'బుజ్జిది' అన్న మాటకు ముందు ఒక నిలువు గీత పెట్టాను. పక్కన 'ఉంచాలి' అని రాశాను. నాలుగేళ్లలో ఆ మాట నేను రాయడం అదే మొదటిసారి.

బయటకు వస్తే వరండాలో దేవమ్మ గుడ్డ పట్టుకుని నిలబడి ఉంది. తలుపు సందులోంచి విన్నదంతా విన్నట్టుంది, కానీ ఒప్పుకోలేదు.

"అయిపోయిందా? నీళ్లు తాగు."

సరోజమ్మగారు తాగారు. ముగ్గురం మెట్లు దిగుతున్నాం. వెనక నుంచి శ్రీనిధి గబగబా వచ్చింది. మమ్మల్ని అందుకోలేక మూడు మెట్ల పైన ఆగి, రెయిలింగు పట్టుకుంది. కొంచెం ఎగరొప్పుతోంది.

"అమ్మా, మీరు పొద్దున్నే ఏ వీధిలో నడుస్తారు?"

సరోజమ్మగారు దేవమ్మ వైపు చూశారు. దేవమ్మ ఆ అమ్మాయిని కిందా పైనా చూసి, ఎత్తు మడమల చెప్పుల దగ్గర చూపు ఆపింది.

"ఏడున్నరకు రా బిడ్డా. గవి ఇంట్ల పెట్టి రా."